కొత్తిమీర: పేరు వెనుక చరిత్ర

తెలుగువారి వంటకు చివరి మెరుగు దిద్దే ఆకు కొత్తిమీర. చారు పొంగి దించబోయే వేళ, పప్పులో పోపు పడిన తరువాత, రోటిలో పచ్చడి నలిగేటప్పుడు ఈ ఆకు పడనిదే ఇల్లాలికి వంట ముగిసినట్లు తోచదు. ఇంత దగ్గరి వస్తువు కావడం వలననే దాని పేరును గురించి ఆలోచించవలసిన అవసరం ఎవరికీ కలగదు. తులసికీ పారిజాతానికీ పురాణకథలున్నవి. కొత్తిమీరకు అటువంటి కథ లేదు. అయితే దాని పేరుకు చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర రెండున్నర వేల ఏండ్లకు తక్కువ కానిది.

మహారాష్ట్రలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ పేరును దినమూ రెండు విధాలుగా వింటారు. ఇంట్లో తల్లి కొత్తిమీర కట్ట తెమ్మంటుంది. బజారులో కూరలమ్మే ఆమె కోథింబీర్ జుడీ అని చేతికిస్తుంది. రెండు మాటలకూ పోలిక ఉన్నదని పసివారికి సైతం తెలుస్తుంది. ఆ వెంటనే పుట్టే ప్రశ్న ఒకటి: ఎవరి మాటను ఎవరు తీసుకున్నారు? మన మాటనే వారు వంకర తిప్పారని కొందరంటారు. ఇంతకాలం పరభాషా ప్రాంతంలో ఉండి వారి మాటనే మనం తెలుగు చేసుకున్నామని మరికొందరంటారు. ఈ రెండు సమాధానాలూ సరియైనవి కావు. ఎందుకు కావో తెలుసుకోవడానికి పేరును మొదటినుండి పరిశీలించవలసి ఉన్నది.

ఒక మొక్కకు రెండు పేర్లు

ముందుగా గమనించవలసినది, తెలుగులో ఈ మొక్కకు పేర్లు రెండు అనే సంగతి. ఆకు కొత్తిమీర. గింజ ధనియాలు. ఈ రెండూ ఒకే మొక్కవి అని తెలియని పిల్లలు నేటికీ ఉన్నారంటే ఆశ్చర్యం లేదు. పేర్ల మధ్య ఏ పోలికా లేదు కదా!

మరాఠీలోనూ ఇదే ఏర్పాటు కనిపిస్తుంది. ఆకు కోథింబీర్, గింజ ధణే. గుజరాతీలో ఆకు కోథమీర్, గింజ ధాణా. హిందీ, ఒడియా భాషలకు వెళితే ఆకుకూ గింజకూ ధనియా అనే ఒక్క మాటే చాలు. ఒడియావారు ఆకును ధనియా పత్రమంటారు. దక్షిణానికి దిగితే దీనికి ఎదురైన పద్ధతి ఉన్నది. కన్నడులకు ఆకు కొత్తంబరి సొప్పు, గింజ కొత్తంబరి బీజ. తమిళులకు రెండూ కొత్తమల్లియే. ధనియా అనే మాట ఆ భాషలకు తెలియక పోలేదు గాని, ఇంటి మాటగా నిలిచినది కొత్తమల్లి, కొత్తంబరి.

అంటే భారతదేశంలో ఈ మొక్క పేర్లు రెండు కుదుళ్ళకు చెందినవి. ఒకటి ధనియా కుదురు. అది ఉత్తరాన, తూర్పున బలంగా ఉన్నది. రెండవది కొత్తిమీర, కొత్తంబరి, కోథింబీర్ అనే కుదురు. అది దక్షిణాన, పడమట బలంగా ఉన్నది. తెలుగు, మరాఠీ, గుజరాతీ భాషలు ఈ రెండింటి నడుమ నిలిచి రెండు పేర్లనూ ఉంచుకొని, ఒకదానిని ఆకుకూ రెండవదానిని గింజకూ పంచిపెట్టినవి.

ధనియాలు

ఈ రెండింటిలో ధనియాల పేరు సులభంగా విడుతుంది. సంస్కృతంలో దీనికి ధాన్యకము, ధాన్యాకము అనే పేర్లున్నవి. ధాన్యమనే మాటకు దగ్గర చుట్టమిది. చిరుధాన్యం వంటి గింజ గనుక ఆ పేరు వచ్చినది. ప్రాకృతాల మీదుగా అది ధనియా అయి, తెలుగులో బహువచనమై ధనియాలుగా స్థిరపడినది. నువ్వులు, ఆవాలు, మెంతులు అన్నట్లే ధనియాలను కూడా ఒక్కటిగా లెక్కించే వాడుక మనకు లేదు.

ధాన్యంతో పోల్చడం భారతీయులకే తట్టిన ఊహ కాదు. ప్రాచీన మెసపొటేమియాలో మట్టిపలకల మీద లిపికారులు ఈ గింజ పేరు వ్రాసేటప్పుడు ధాన్యాన్ని సూచించే గుర్తుతో మొదలుపెట్టేవారు. చూసిన కన్ను ఎక్కడిదైనా గింజను చూసి ముందుగా తలచుకున్నది ధాన్యాన్నే.

మన పూర్వుల వీధిబడులలో పిల్లలు కంఠస్థం చేసిన అమరకోశంలో, వైశ్యవర్గంలో, అల్లానికీ శొంఠికీ నడుమ ఈ మొక్క పేర్లు నాలుగు కలవు. అవి ఛత్రా, వితున్నకము, కుస్తుంబురు, ధాన్యాకము. వీటిలో ఛత్రా అనే పేరు పరిశీలింపదగినది. ఛత్రమంటే గొడుగు. కొత్తిమీరను కోయకుండా వదిలివేస్తే కాడ పైకి లేచి, దాని కొననుండి సన్నని పుల్లలు నలుదిక్కులకు విచ్చుకొని, వాటి చివర తెల్లని పూలు పూస్తవి. అది అచ్చంగా తెరచిన గొడుగు ఆకారం. యూరపు వృక్షశాస్త్రజ్ఞులు జీలకర్ర, వాము, సోపు, క్యారెట్, కొత్తిమీరలను ఒకే కుటుంబంలో చేర్చి, ఆ కుటుంబానికి చిరకాలం అంబెల్లిఫెరే అనే పేరు వాడారు. లాటిన్‌లో అంబెల్లా అంటే ఎండగొడుగు. అమరసింహుడు పేర్కొన్న గొడుగునే వారు కూడా తమ కన్నులతో తాము చూశారు.

పాణిని సూత్రంలో కొత్తిమీర

అమరకోశంలోని నాలుగు పేర్లలో మూడవదైన కుస్తుంబురు మన కొత్తిమీరకు మూలం. ఈ మాట ఎంత పాతదో చెప్పే సాక్ష్యం వంటశాస్త్రంలో గాక వ్యాకరణంలో దొరకడం విశేషం.

క్రీస్తుకు పూర్వం 5, 4 శతాబ్దాల ప్రాంతపువాడైన పాణిని తన అష్టాధ్యాయి ఆరవ అధ్యాయంలో ఈ ఒక్క మాట కోసం ఒక సూత్రం కేటాయించాడు. దాని తాత్పర్యమిది: కు, తుంబురు అనే రెండు మాటలు కలిసినప్పుడు, ఆ సమాసం ఒక మొక్కజాతిని చెప్పేటట్లయితే నడుమ సకారం వచ్చి చేరుతుంది. జాతిని చెప్పకపోతే సకారం రాదు. వ్యాఖ్యానగ్రంథమైన కాశికావృత్తి దీనిని విడమరచి చెప్పింది. కుస్తుంబురు అంటే ధాన్యకమనే ఓషధి. సకారం లేని కుతుంబురు అంటే మాత్రం చెడ్డ తుంబురు పండ్లు. తుంబురు అనగానే తెలుగువారికి నారదునితో కలిసి పాడే గంధర్వుడు గుర్తుకు వస్తాడు. ఇక్కడి తుంబురు ఆయన కాదు. తిందుక వృక్షపు ఫలం, అనగా తుమికి పండు.

ఈ సూత్రం వలన రెండు సంగతులు తెలుస్తున్నవి. మొదటిది, పాణిని నాటికే కుస్తుంబురు వాడుకలో నిలదొక్కుకొన్న మాట. రెండవది, మామూలు నియమాలతో ఆ మాటను సాధించడం కుదరలేదు. చెడ్డ తుమికి పండుకూ సువాసన గల కొత్తిమీరకూ అర్థంలో పొత్తు లేదు. అయినా మాట వాడుకలో ఉన్నది గనుక వ్యాకరణం దానికొక ప్రత్యేకమైన తలుపు తెరిచింది. ఎక్కడినుండో వచ్చి ఇంటిలో కుదురుకొన్న అతిథిని కుటుంబపు లెక్కలో చేర్చుకొన్నట్లున్నది ఈ ఏర్పాటు. కుస్తుంబురు సంస్కృతానికి కూడా బయటినుండి వచ్చిన మాటయే అని పలువురు భాషావేత్తలు భావించడానికి ఇటువంటి పొసగని విరుపు ఒక కారణం.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఈ పేరు మళ్ళీ కనబడుతుంది. రాజుగారి కోష్ఠాగారంలో నిలవ ఉంచవలసిన సరకులను చెప్పుతూ, కారపు వస్తువుల వరుసలో పిప్పళ్ళు, మిరియాలు, అల్లం, జీలకర్ర, తెల్ల ఆవాలతోపాటు కుస్తుంబురును కూడా లెక్కించారు. దవనం, మరువం కూడా ఆ వరుసలోనివే. మిరపకాయ అందులో లేదు. అమెరికా ఖండానికి చెందిన ఆ కాయ పోర్చుగీసువారి రాక తరువాత గాని ఈ దేశానికి చేరలేదు. ఎన్నో శతాబ్దాలు మరుగున ఉన్న ఈ గ్రంథాన్ని మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో గుర్తించి 1909లో ప్రకటించిన వారు ఆర్. శామశాస్త్రి. ఆ తాళపత్రాలు వెలుగు చూడకపోతే కోష్ఠాగారపు కొత్తిమీర సంగతి మనకు తెలిసేది కాదు.

పొత్తము వచ్చిన దారి

కుస్తుంబురు కొత్తిమీరగా ఎట్లా మారింది? చెవికి ఈ రెండూ దూరమనిపిస్తవి. దీనిని వివరించడానికి బడిపిల్లలందరికీ తెలిసిన మరొక మాట సాయం తీసుకొనవచ్చును. ఆ మాట పుస్తకం.

సంస్కృత పుస్తకం ప్రాకృతంలో పొత్థఅ అయినది. స్త అనే జంట అక్షరం ప్రాకృతంలో త్థ కావడం నియమం. హస్తం హత్థం కావడమూ, దానినుండి హిందీ హాథ్ రావడమూ ఇట్లాగే జరిగినవి. జంట అక్షరానికి ముందున్న ఉకారం ఒకారంగా మారడం కూడా ఆ నాటి వాడుకయే. మన ప్రాంతపు దేశభాషలకు ఒత్తక్షరాలు స్వభావసిద్ధం కావు గనుక పొత్థఅ తెలుగులో పొత్తము అయినది. తమిళంలో పొత్తగం. కన్నడంలో పకారం హకారమయ్యే నియమాన్ని అనుసరించి హొత్తగె. మరాఠీలో జంట హల్లు ఒంటి హల్లుగా మారి, ముందున్న ఒకారం దీర్ఘమై పోథీ అయినది.

ఇప్పుడు కుస్తుంబురును ఇదే దారిలో నడిపి చూడవచ్చును. స్త త్థగా, ఉకారం ఒకారంగా మారగా ప్రాకృతంలో కొత్థుంభరి వంటి రూపాలు ఏర్పడినవి. ఒత్తు పోగా కన్నడంలో కొత్తుంబరి, కొత్తంబరి. తమిళంలో కొత్తమల్లి. తెలుగులో కొత్తిమిరి, కొత్తిమీర. మరాఠీలో పోథీ అయిన చోటనే కోథింబీర్. చివర ఉన్న ంబ తెలుగులోనూ గుజరాతీలోనూ మకారంగా మిగిలినది. ఇదీ కొత్త వింత కాదు. ప్రాకృతపు అంబ మరాఠీలో ఆంబాగా నిలిచి, హిందీలో ఆమ్ అయినది కదా!

కాబట్టి పుస్తకానికి పొత్తమెట్లాగో కుస్తుంబురుకు కొత్తిమీర అట్లాగు. పోథీకి కోథింబీర్ అట్లాగు. మాట మాటకూ పోలిక కనబడటం చాలదు. ఒక మాటలో జరిగిన మార్పు అదే స్థితిలో ఉన్న మరొక మాటలోనూ జరగాలి. అప్పుడే అది చుట్టరికం. ఈ పరీక్షకు కొత్తిమీర నిలిచింది.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు సమాధానం దొరుకుతున్నది. మరాఠీ తెలుగునుండి గాని, తెలుగు మరాఠీనుండి గాని ఈ మాటను తీసుకోలేదు. రెండూ ప్రాకృతపు ఇంటినుండి తమ తమ వాటాను తెచ్చుకొన్నవి. అందుకు తగిన చరిత్ర కూడా ఈ రెండు నేలలకూ కలదు. గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానంలో, అనగా నేటి పైఠాన్‌లో, రాజధాని గల శాతవాహనుల శాసనాలు నాసిక్, కార్లే గుహలలోనూ అమరావతి స్తూపంలోనూ ప్రాకృతంలోనే కనిపిస్తున్నవి. నాసిక్ సమీపాన పుట్టి, యానాం పక్కగా పారి సముద్రంలో కలిసే నది పొడుగునా ఒకప్పుడు శాసనభాష ఒక్కటే. అటువంటి కాలపు భాషనుండి వచ్చిన మాట ఇరుగుపొరుగుల నోట రెండు రూపాలలో ఉండటం సహజం.

చెవికి తోచిన అర్థాలు

తెలియని మాటకు తెలిసిన అర్థం చెప్పుకోవాలనే కోరిక మానవ స్వభావం. కొత్తిమీర వినగానే కొత్త అనే మాట చెవిని తాకుతుంది. పాతరూపమైన కొత్తిమిరిని చూస్తే కొత్త మిరియమని విడదీయాలనే ఉబలాటం కూడా కలుగవచ్చును. కన్నడాన్ని సాక్షిగా పిలిస్తే ఈ ఊహ నిలవదు. కన్నడంలో కొత్తకు హొస అంటారు. ఈ పేరులోని మొదటి భాగానికి కొత్త అనే అర్థమే ఉండి ఉంటే, కన్నడులు కొత్తంబరి అనవలసిన పని లేదు. తమిళంలో కొత్తకు పుదు, మరాఠీలో నవా. ఈ నాలుగు భాషల పేర్లూ ఒక కుదురువే అయినప్పుడు ఒక్క తెలుగులో మాత్రం కొత్త వచ్చి చేరడం కుదరదు. నిజానికి ఆ మాటలో కొత్త ఏదీ లేదు.

తమిళుల కొత్తమల్లి కథ కూడా ఇటువంటిదే. తమిళంలో కొత్తు అంటే గుత్తి, మల్లి అంటే మల్లె. గుత్తి మల్లె అని వినిపించడంతో మాట చివర మల్లిగా స్థిరపడినది. నేడు తమిళనాట ధనియాల పొడిని మల్లిత్తూళ్ అంటారు. మల్లెపూవుకూ ఆ పొడికీ సంబంధమేమీ లేదని వేరే చెప్పనక్కరలేదు. అయినా దీనిని పొరపాటని తీసివేయరాదు. పరాయి ధ్వనిని తన చెవికి ఇంపైన మాటగా మలచుకోవడం భాషకు స్వభావం. మూలాన్ని వెదకేవారు మాత్రం ఆ మలుపును మూలమని భ్రమపడకూడదు.

ఇంగ్లీషు పేరైన కొరియాండర్ విషయంలోనూ ఇదే జరిగినది. గ్రీకు కొరియాన్నన్, కొరియాండ్రన్, లాటిన్ కొరియాండ్రమ్, ఫ్రెంచి కొరియాండ్ర్ దాని వరుస. గ్రీకులో కోరిస్ అంటే నల్లి. పచ్చి ఆకు వాసన నల్లి వాసనను పోలి ఉంటుందనీ, అందువలన ఆ పేరు వచ్చినదనీ ఎన్నో పుస్తకాలు చెప్పుతూ వచ్చినవి. వాసన పోలిక కల్పన కాదు. పచ్చి ఆకులో ఉండే ఆల్డిహైడ్లు అనే పదార్థాల వంటివే నల్లిజాతి పురుగులలోనూ ఉన్నవి. గింజ పండి ఎండేసరికి అవి తగ్గి, లినలూల్ అనే కమ్మని పదార్థం పైచేయి అవుతుంది. ఆకుకూ గింజకూ వాసన వేరు కావడం అందువలననే.

అయితే 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఆంగ్లేయుడు లీనియర్ బి అనే ప్రాచీన లిపిని చదవగలిగిన తరువాత ఈ వివరణకు బలం తగ్గినది. క్రీస్తుకు పూర్వం 14, 13 శతాబ్దాల నాటి ఆ మట్టిపలకల మీద ఈ సరకు పేరు కొ-రి-య-ద-న వంటి రూపాలలో ఉన్నది. గ్రీసులోని పైలోస్ నగరపు పలక ఒకటి పరిమళతైలం కాచేవానికి ఇచ్చిన సరకులలో దీనిని లెక్క వ్రాసింది. నాటికి అది వంట దినుసు మాత్రమే గాక అత్తరు దినుసు కూడా. నల్లి పేరుతో ఆ మాట మొదటి భాగాన్ని మాత్రమే పోల్చగలం. మిగిలిన భాగానికి గ్రీకులో అర్థం కుదరదు. గ్రీకులకు ముందు ఆ ప్రాంతంలో ఉన్న వేరొక భాషనుండి ఇది వచ్చినదని నేటి పండితులలో పలువురి అభిప్రాయం.

స్పెయిన్, మెక్సికో దేశాలలో ఈ ఆకును సిలాంట్రో అంటారు. అది కూడా లాటిన్ కొరియాండ్రమ్ సంతతియే. ఒకే మాటలో రెండు రేఫలు పలకడం కష్టమై మొదటిది లకారం కాగా కొలియాండ్రమ్ ఏర్పడినది. దానినుండి పుట్టినది సిలాంట్రో. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఫ్రెంచి చదివిన తెలుగు పిల్లలకు కొరియాండ్ర్, కొత్తిమీర రెండూ తెలిసి ఉండవలసినవే. రెండూ కొ అక్షరంతోనే మొదలవుతున్నవి. చుట్టరికం మాత్రం లేదు. పుస్తకం, పొత్తముల పరీక్షకు ఈ జంట నిలవదు.

పాణినికి పూర్వం

కుస్తుంబురు సంస్కృతానికీ బయటిదే అయితే అది ఎక్కడిది? ఇందుకు మొక్క చరిత్ర కొంత దారి చూపుతుంది.

ఇజ్రాయెల్‌లోని నహల్ హెమార్ గుహలో, మనిషి ఇంకా కుండలు చేయడం నేర్వని కాలపు పొరలో, ఎండిన ధనియాలు పదిహేను దొరికినవి. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న టుటంఖామన్ సమాధిలో సుమారు అర లీటరు ధనియాలున్నవి. ఆ బాలరాజు మరణించి మూడువేల మూడువందల ఏండ్లు దాటినది. ఈజిప్టులో ఈ మొక్క అడవిలో తనంత తాను పెరిగేది కాదు గనుక, అక్కడివారు దీనిని సాగు చేశారని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. రోమన్ రచయిత ప్లినీ కూడా ఈజిప్టు ధనియాలే శ్రేష్ఠమని వ్రాశాడు. యూదుల ధర్మగ్రంథంలో, అరణ్యంలో దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారాన్ని ఈ గింజతోనే పోల్చారు.

పశ్చిమాసియాలో ఇంత ప్రాచీనమైన ఈ గింజకు అక్కడి పేర్లేమిటి? మెసపొటేమియా అక్కాడియన్ భాషలో కిసిబిర్రు, కుసిబిర్రు. అరమాయిక్‌లో కుస్బర్తా. అరబ్బీలో కుజ్బరా. ఈ వరుసను కుస్తుంబురు పక్కన పెట్టి చూసిన పండితులు కొందరు ఇవన్నీ ఒకే మాట రూపాంతరాలని ప్రతిపాదించారు. మొక్కతోపాటు పేరు కూడా ప్రయాణించడం లోకంలో సాధారణం. ఆ రెండు ప్రాంతాల నడుమ రాకపోకలు కూడా ప్రాచీనమైనవే. క్రీస్తుకు పూర్వం 24, 23 శతాబ్దాల నాటి అక్కాద్ చక్రవర్తి సార్గోన్, మెలుహ్హా దేశపు ఓడలు తన రేవులో నిలిచినవని గర్వంగా చెప్పుకొన్నాడు. మెలుహ్హా అంటే సింధులోయ ప్రాంతమని అధిక సంఖ్యాకులు అంగీకరిస్తున్నారు.

అయినా పైన చెప్పిన పరీక్షను ఇక్కడ కూడా పెట్టక తప్పదు. కుసిబిర్రులో లేని తకారం, మకారం కుస్తుంబురులోకి ఎట్లా వచ్చినవో చూపగల జంటమాట, పుస్తకానికి పొత్తము వంటిది, ఇంతవరకు దొరకలేదు. కాబట్టి ఇది బలమైన ఊహయే గాని తీర్పు కాదు. చదువుకొన్నవారు తీర్పునూ ఊహనూ వేరు వేరు అరలలో ఉంచడం నేర్వవలెను. మన భాషయే అన్నింటికీ మూలమని గాని, మన భాషలో ఉన్నదంతా ఎరువు సొత్తేనని గాని తొందరపడి పలికే మాటలకు ఈ అలవాటే మందు.

మాట ఎవరిది?

పుస్తకం సంగతి మరొకటి చెప్పవలసి ఉన్నది. ఆ మాట కూడా ఇరాను భాషలలో చర్మమనే అర్థం గల పోస్త్ అనే మాటనుండి సంస్కృతానికి వచ్చినదని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. చర్మం మీద వ్రాసిన వ్రాతనుండి పుస్తకం పుట్టినదన్నమాట. బడి సంచిలోని పుస్తకమూ, ఆ సంచితో ఇంటికి వచ్చిన బిడ్డకు తల్లి పెట్టే చారులోని కొత్తిమీరా, రెండూ ఎన్నో ఎల్లలు దాటి వచ్చినవే. అయినా ఈ రెండూ తెలుగు మాటలు కావని అనగలవారు లేరు. తెలుగు నోరు వాటి ఒత్తును తీసివేసింది, అచ్చులను సవరించింది, బహువచనాలు కూర్చింది, కట్ట అనీ కారమనీ పచ్చడి అనీ తన మాటలను వాటి పక్కన చేర్చింది. ఒక మాట ఎక్కడ పుట్టినదనేది దాని చరిత్ర. ఎవరు దానిని తమ ధ్వనితో దినదినమూ పలుకుతున్నారనేది దాని పౌరసత్వం.

పరభాషా రాష్ట్రంలో డెబ్బది అయిదేండ్లుగా తెలుగు నేర్పుతున్న పాఠశాలకు ఈ విషయం కేవలం పండితచర్చ కాదు. తమ పిల్లల తెలుగులో పొరుగు మాటలు చేరుతున్నవని తల్లిదండ్రులు దిగులు పడుతుంటారు. పొరుగు మాట చేరడం వలన భాష చెడదు. చెడేటట్లయితే పాణిని నాటి సంస్కృతమే చెడవలసినది. భాషకు నష్టం వేరొక విధంగా కలుగుతుంది. ఉన్న మాటను నోరు విడిచిపెట్టడమే ఆ నష్టం. కోథింబీర్ అనే మాటను నేర్చినందువలన బిడ్డకు లాభమే. అది నేర్చి కొత్తిమీరను మరచిపోతే, ఆకునూ గింజనూ కలిపి కొరియాండర్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మొదలైతే, రెండు పేర్లనూ ఇన్ని తరాలు విడివిడిగా మోసుకువచ్చిన ఇల్లాండ్ర శ్రమ ఒక్క తరంలో వ్యర్థమవుతుంది.

ఇందుకు చేయవలసినది పెద్ద పని కాదు. వంటింటి డబ్బాల మీద తెలుగులో పేర్లు వ్రాయించడం, అమ్మమ్మలను నాయనమ్మలను అడిగి పాతరూపాలను పిల్లలచేత సేకరింపజేయడం, ఆ పక్కనే మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా పేర్లను కూడా వ్రాయించి పోల్చమనడం ఏ ఇంటిలోనైనా, ఏ తరగతిలోనైనా సాధ్యమే. పొరుగు భాషల నడుమ పెరిగే పిల్లలకు ఈ పని స్వరాష్ట్రంలోని పిల్లలకన్న తేలిక. కొత్తిమీర కట్ట, కోథింబీర్ జుడీ ఒకే సంచిలో ఇంటికి చేరే భాగ్యం వారిది. ధనియాలను విత్తేముందు రైతు ఒక్కొక్క గింజను రెండు బద్దలుగా నలిపి చల్లుతాడు. ప్రతి బద్దా మొలకెత్తుతుంది. ఇంటిభాషను, ఊరిభాషను రెండింటినీ నేర్చిన బిడ్డల విషయంలోనూ తల్లిదండ్రులకు అదే నమ్మకం ఉండవలెను.